దేహములోని నిప్పు, సుబ్బారావుగారి కొలత

కాట్పాడి నుండి తిరుపతికి పోవు రైలుదారిలో పాకాల యొక కూడలి. ధర్మవరమునకు పోవు దారి యిచ్చటనే చీలును. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లోను వెలసినవి గనుక, పెద్దచదువు చిత్తూరు సీమ పల్లెలకు దూరము గాకపోయినది. పాకాలలో బండి యెక్కి అటు పోవు యువతీయువకులు చదువదగిన శాస్త్రములలో జీవరసాయనశాస్త్ర మొకటి. మాంసకృత్తులు, ఎంజైములు, జీవక్రియ: తొలియేటి పాఠమునకు ఇవియే మూడు మెట్లు. ఆ పాఠపుస్తకములందు ఒక పెద్ద పటముండును. తిన్న యన్నము ఏయే దారులంబడి ఏయే పదార్థములుగా మాఱునో అందు గీతలు గీచి చూపుదురు. చూచుటకది రైలుదారుల పటమువలెనే యుండును. పిండిపదార్థము, క్రొవ్వు, మాంసకృత్తు, ఈ మూడును వేఱువేఱు దారుల వచ్చి కలియు కూడళ్లును, కలిసి మరల చీలు కూడళ్లును అందు పెక్కులు. ఏ మూల చూచినను ఒక పేరు మాత్రము మాటిమాటికి కంటబడును. అది ఏటీపీ.

ఆ ఏటీపీని లోకమునకు తెలిపినవారిలో యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. ఏటీపీ నిర్మాణమును పరీక్షకొఱకు కంఠస్థము చేయువారిలో ఎందఱో ఈ సంగతి నెఱుగరు. అది యటుండనిండు; పేరెఱుగకపోవుట చిన్న లోపము. ఆ పాఠము కళాశాల గది దాటి వంటయింటికి రాకపోవుట అంతకంటె పెద్ద లోపము. బిడ్డ ఇంగ్లీషులో చదివి పరీక్ష నిచ్చును. ఆ బిడ్డను మోసి, కని, అన్నము వండిపెట్టిన తల్లికి ఆ చదువులో నొక్క ముక్కయు చేరదు. వంటయింటిని ప్రయోగశాలతో ముడివేయు చరిత్ర సుబ్బారావుగారిదే గనుక, దానిని కొంత వివరముగా చెప్పదలచితిమి.

మొదట ఎంజైముల మాట. రాత్రి గోరువెచ్చని పాలలో తోడు వేసినచో తెల్లవాఱునప్పటికి పెరుగగును. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసరి జావ కాచినచో జావ పలుచనగును, కొంత తియ్యదనమును వచ్చును. ఈ రెండు పనులును ఎంజైములవే. తోడులోని సూక్ష్మజీవులు తమ ఎంజైములచే పాలచక్కెరను పులుపుగా మార్చును. మొలకలోని ఎంజైము పిండిని చక్కెరగా విఱుచును. పొగబండి యింజనులో బొగ్గు మండుటకు ఎంత వేడిమి కావలయునో పూర్వము పాకాల స్టేషనులో నిలిచి చూచినవారికి తెలియును. మన దేహమున సంగటిముద్ద మండుటకు అంత వేడిమి యక్కఱలేదు. 37 డిగ్రీల గోరువెచ్చదనముననే ఆ పని నిశ్శబ్దముగా జరిగిపోవును. మంట కనబడదు, పొగ రాదు, వెలువడు శక్తి మాత్రము చేజాఱదు. ఇది ఎంజైముల మహిమ.

తోడులోని శక్తి ప్రాణశక్తియే యని, ప్రాణము లేనిదే పులియుట యుండదని పందొమ్మిదవ శతాబ్దమున గొప్ప పండితులే గట్టిగా నమ్మిరి. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బూక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, జీవకణములు లేని రసమును తీసెను. రసము చెడిపోకుండుటకై అందు చక్కెర కలిపి యుంచెనట. ప్రాణము లేని యా రసమే చక్కెరను పులియబెట్టి బుడగలు లేపెను. నిలువయుంచుటకు వేసిన చక్కెర ఒక పెద్దనమ్మకమును పడగొట్టినది. మనము ఊరగాయ జాడీలో ఉప్పు వేయునప్పుడు ఇట్టి అదృష్టము పట్టదు గాక పట్టదు!

ఎంజైము ఎట్టి పదార్థ మన్నది తరువాతి ప్రశ్న. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ మన చమ్మకాయకు చుట్టమగు జాక్ బీన్ గింజల పిండినుండి యూరియేజు అను ఎంజైమును స్ఫటికములుగా తీసి, అది మాంసకృత్తే యని చూపెను. పప్పులో, గ్రుడ్డులో, చెనక్కాయలో నున్న జాతి పదార్థమే దేహములోని సమస్త క్రియలను నడుపుచున్నదన్నమాట. జర్మనీలోని విల్‌స్టాటర్ మున్నగు పెద్దలు దీనిని నమ్మలేదు. 1930లో నార్త్రప్ జీర్ణరసములోని పెప్సిన్‌ను అటులే స్ఫటికములుగా తీసిన పిమ్మట గాని సందేహము సడలలేదు. 1946లో ఇద్దఱికిని నోబెల్ బహుమానములో పాలు దక్కెను. ఈ సమ్నరుకు ఎడమచేయి లేదు. చిన్ననాట వేటలో తుపాకి గుండు తగిలి పోయినది. హార్వర్డులో ఆటో ఫోలిన్ అను ఆచార్యుడు, ఒంటిచేతివానికి రసాయనశాస్త్రము పొసగదు, న్యాయశాస్త్రము చదువుకొమ్మని హితవు చెప్పెను. సమ్నర్ ఆ మాట వినక ఆయనయొద్దనే పట్టము పుచ్చుకొనెను. చదువరులు ఫోలిన్ పేరు గుర్తుంచుకొందురు గాక. మన కథలో నాయన మరల వచ్చును.

సుబ్బారావుగారి బాల్యమున విద్యాప్రభ యేమియు కనబడదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని యిల్లు విడిచిపోగా తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరని చెప్పుదురు. తండ్రి గతించెను. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమాఱుగాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్సాగదికి పోయిరనియు, అది ఆచార్యుని కోపమునకు కారణమై, వ్రాతపరీక్షలు చక్కగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెననియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి. యౌవనముననే ఇద్దఱు సోదరులను కొద్దిదినముల వ్యవధిలో పోగొట్టుకొనిరి. వారిని పొట్టనబెట్టుకొన్నది స్ప్రూ అను జబ్బు. మన వైద్యులు గ్రహణి యనుదానికి దగ్గఱి జబ్బిది: తిన్నది వంటబట్టదు, నాలుక పూయును, రక్తము పాలిపోవును.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధియు, మామగారును సాయపడగా 1922 అక్టోబరులో వారు బోస్టను చేరిరి. హార్వర్డులో ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపనియు చేసిరి. పనికి కులమంటగట్టి, రోగి పడకక్రింది పాత్ర నెత్తుటకు ఫలానా జాతివాడే రావలెనని కూర్చుండు దేశమునుండి పోయిన బ్రాహ్మణయువకునకు ఆ రాత్రులు నేర్పిన పాఠము కళాశాలపాఠమునకు తీసిపోదని మా యభిప్రాయము. తరువాత ఫోలిన్‌గారి జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే యను ఆచార్యుని క్రింద పని దొరకెను. ఒంటిచేతివానిని వలదన్న ఫోలినే, పెద్దపట్టము లేని యీ పరదేశికి చోటిచ్చెను. మనుష్యులు అన్నివేళల ఒకేతీరున నుండరు.

అప్పటికి కండర పరిశ్రమను గూర్చి ఒక సిద్ధాంతము లోకమున పాతుకొనియుండెను. పులిసిన పాలనుండి 1780లో స్వీడనుదేశపు షీలే తీసిన లాక్టిక్ ఆమ్లము, అనగా మన పెరుగులోని పులుపే, అలసిన కండలోను కనబడినది. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్‌కిన్స్ అనువారు దానిని సరిగా కొలిచి చూపిరి. కండ ముడుచుకొనుటకు ఆ పులుపే కారణమని పండితులు నిశ్చయించుకొనిరి. ఈ రంగమున కృషిచేసిన హిల్, మయర్‌హాఫ్ అనువారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చెను. సుబ్బారావుగారు బోస్టనులో దిగినదియు ఆ యేడే.

వారికప్పగింపబడినది ఈ సిద్ధాంతమును పడగొట్టు పని గాదు. రక్తములోను మూత్రములోను భాస్వరమెంత యున్నదో కొలుచుటకు సులభోపాయము కావలసియుండెను. అంతకు మించి గొప్పపని యేదియు గాదు. పరీక్షింపవలసిన ద్రవములో ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును కలుపుదురు. భాస్వరలవణమగు ఫాస్ఫేటు అందున్నచో రెండును జతపడును. పిమ్మట మఱియొక రసాయనమును చేర్చగా నీలిరంగు పుట్టును. ఫాస్ఫేటెంత యెక్కువయో నీలి యంత చిక్కన. తెలిసిన కొలతగల ద్రవమును ప్రక్కనుంచి రెండు రంగులను పోల్చినచో లెక్క తేలును. తెల్లబట్టకు నీలిమందు పెట్టి, రంగు చూచియే మోతాదు చెప్పు ఇల్లాలికి ఈ సూత్రము క్రొత్తగాదు. 1925లో ఈ పద్ధతిని ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యనుపేర నది ప్రపంచమందలి ప్రయోగశాలల నిండ వ్యాపించినది.

కండరసమును ఈ పద్ధతితో పరీక్షించినప్పుడు ఒక చిక్కు వచ్చెను. నీలిరంగు వెంటనే నిండుగా రాక, నిమిషములు గడచినకొలది చిక్కబడుచుండెను. సామాన్యుడైనచో మందు చెడినదని పాఱబోసి చేతులు కడుగుకొనును. వారట్లు చేయలేదు. ఫాస్ఫేటు మఱియేదో పదార్థమునకు అంటియుండి, ఆమ్లము సోకగానే మెల్లమెల్లగా ఊడివచ్చుచున్నదని యూహించిరి. పిల్లి కండలను తీసికొని, విశ్రాంతిలోను పనిలోను కొలిచి చూచిరి. విశ్రాంతిలో ఆ పదార్థము నిండుగా నుండెను. కండచే పని చేయింపగా తఱిగెను. మరల విశ్రాంతి యియ్యగా నిండెను. అది క్రియాటిన్ అను పదార్థముతో ఫాస్ఫేటు కలిసి యేర్పడిన ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించిరి. ఆ యేడే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును దాని జాడ కనిపెట్టిరి. 1929లో అదే కండరసమునుండి ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీ, వెలికి వచ్చెను. జర్మనీలో మయర్‌హాఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమన్ కొంచెము ముందుగా, వీరు వెనువెంటనే, ఒకరి పని నొకరెఱుగకయే దానిని లోకమున కెఱిగించిరి. మనవాడనుటచేత లోమన్ పేరును దాచుట న్యాయము గాదు.

1930లో డెన్మార్కుదేశపు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషము పెట్టిన కండకూడ ముడుచుకొనుచున్నదని, ఆ సమయమున ఫాస్ఫోక్రియాటిన్ తఱిగిపోవుచున్నదని చూపెను. పులుపు సిద్ధాంతము అంతటితో కూలినది. నోబెల్ బహుమానము పొందిన మయర్‌హాఫ్ మొండికెత్తక ఈ సత్యము నంగీకరించెను. పంచాంగములో తిథి తప్పుపడినదన్నను ఒప్పుకొనని పెద్దలను మేము చూచియున్నాము; ఈ యొక్క సంగతికే మయర్‌హాఫును మెచ్చుకొనవచ్చును.

ఏటీపీ చేయు పనిని చిత్తూరు సీమ రైతుకు చెప్పుట సులభము. ఆయన బెల్లము వండును, చెనక్కాయలు పండించును. కాని పాకాల స్టేషనులో బెల్లపుదిమ్మ నిచ్చినచో టికెట్టు రాదు. దానిని సంతలోనో మండీలోనో అమ్మి రూపాయలు చేసికొనవలయును. రూపాయి యున్నచో టికెట్టు కొనవచ్చును, ఉప్పు కొనవచ్చును, బడిజీతము కట్టవచ్చును. దేహమునకు అన్నము బెల్లపుదిమ్మ వంటిది. ఏటీపీ రూపాయి వంటిది. కండ ముడుచుటకును, నాడి పలుకుటకును, క్రొత్త మాంసకృత్తు అల్లుటకును ఈ నాణెమే చెల్లును. ఏటీపీలో మూడు ఫాస్ఫేటులు వరుసగా గ్రుచ్చబడియుండును; కొసనున్న దానిని విడగొట్టినప్పుడు శక్తి లభించును. మిగిలిన రెండింటి దానికి మరల మూడవదానిని తగిలించుటకే మనము తినుచున్నాము, ఊపిరి పీల్చుచున్నాము. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ చెల్లుబడి నంతయు ఒక్క వ్యాసమున విశదపఱచెను. దేహములో నొక్కక్షణమున నుండు ఏటీపీ స్వల్పము. కాని విఱుగుచు మరల కూడుచు దినములో అది చేయు రాకపోకలను కూడినచో సుమారు మన దేహపు బరువంత యగును. దీనిని కూర్చు ఎంజైము నిజముగా గిఱ్ఱున తిరుగు యంత్రమే. తిరుగలివలె ఒక భాగము కదలక, ఒక భాగము తిరుగుచు, ఒక్క చుట్టునకు మూడు ఏటీపీలను రాల్చును. దాని తీరును తేల్చిన బోయర్, వాకర్ అనువారికి 1997లో నోబెల్ బహుమానము లభించినది.

ఇంత పని చేసిన సుబ్బారావుగారికి 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చినది గాని హార్వర్డులో స్థిరమైన యుద్యోగము రాలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులోని లెడర్లె మందుల సంస్థకు పోయి, 1942లో పరిశోధనశాఖ కధిపతియైరి. అమెరికా పౌరసత్వమును తీసికొననే లేదు.

వారి కీర్తిని వ్రాయువారు ఒక్క వాక్యముతో దాటిపోవు సంగతి మఱియొకటి కలదు. 1919లో వివాహమాడిన శేషగిరిగారిని ఇచ్చట విడిచి వారు ఓడ యెక్కిరి. పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. భర్త మరల స్వదేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, ఆయన పెర్ల్ రివరులో కన్నుమూసెను. ఏటీపీ చరిత్రలో ఫిస్కేకు, ఫోలినుకు చోటున్నది; మామగారి ధనమునకు చోటున్నది; ఇరువదియాఱేండ్లు ఒంటిగా బ్రతికిన ఇల్లాలికి చోటు లేదు. విజ్ఞానమునకై ఎవరేమి యిచ్చిరో లెక్క వ్రాయునప్పుడు ఆమె పద్దును వ్రాయవలసినదే.

సోదరులను బలిగొన్న జబ్బు జాడ మఱియొక దిక్కున తేలుచుండెను. 1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. వారి తిండిలో నేదో కొఱవడినదని, ఈస్టుసారము పెట్టినచో నయమగుచున్నదని 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలో పాలకూర జాతి ఆకును టన్నులకొలది వడబోసి ఒక పదార్థమును వేఱుచేసి, లాటిను భాషలో ఆకునకుగల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లె రసాయనికులు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. స్ప్రూ రోగులకు నది మందైనది.

ఫోలిక్ ఆమ్లము ఎంజైములకు తోడ్పడు వస్తువు. కణము రెండుగా చీలుటకుముందు దాని జన్యుపదార్థము రెట్టింపు కావలయును. ఆ పనికిది లేనిదే జరుగదు. రక్తకణములు ఎడతెగక పుట్టుచుండవలసినవి గనుక లోపము మొదట రక్తమునందే బయటపడును. ఎంజైముకు తాళమని, అది పట్టు పదార్థమునకు తాళపుచెవియని 1894లోనే ఎమిల్ ఫిషర్ పోలిక చెప్పియుండెను. సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలిన దొంగచెవిని చేసిరి: అది తాళములో దూరును, తాళము తీయదు. ఎమినోప్టెరిన్ అను ఆ మందుతో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపుక్యాన్సరు పిల్లలకు చికిత్స చేసి, కొందఱిలో రోగము తాత్కాలికముగా వెనుకకు తగ్గినదని 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. బోదకాలు పురుగును చంపు హెట్రజాన్, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశకము, ఇవియు లెడర్లెలో వారి యేలుబడిలో వచ్చినవే. ఆ కథలు వేఱు.

వంటయింటికి వత్తము. ఫోలిక్ ఆమ్లము తోటకూర, పాలకూర మొదలగు ఆకులలోను, పప్పులలోను, చెనక్కాయలలోను కలదు. ఇది నీటిలో కరగును, ఎక్కువ వేడికి చెడును. ఆకును ఉడికించి నీరు పాఱబోయు ఇండ్లలో సారము గుమ్మము దాటి పోవుచున్నది. మన సీమలో సంగటికి చేయు పుల్లగూరలో ఉడికిన నీటిని పాఱబోయక ఆకుతోకూడ ఎనుపుట మంచి యాచారము; నాగరికత పేర దానిని మానరాదు. కాని కూర యెంత బాగుగా వండినను, మగవారు తిని, పిల్లలు తిని, అత్తగారు తినిన పిమ్మట అడుగున మిగిలినదే కోడలికి దక్కు ఇంటిలో ఏ శాస్త్రమును పనిచేయదు. కడుపుతో నున్నదానికి ఆ కూర వాతము, ఈ పప్పు వేడి యని పథ్యములు పెట్టి, ఉన్నదానిని గూడ తగ్గించుటయు కలదు. అట్టి పథ్యములు పెట్టువారిలో చదువుకొన్నవారును ఉన్నారని చెప్పుటకు మాకు సిగ్గగుచున్నది.

ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకిచ్చు ఇనుపమాత్రలో ఫోలిక్ ఆమ్లము కూడ కలిపియుండును. ఆ మాత్ర మంచిదే. అయితే 1991లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి మఱియొక సంగతిని తేల్చినది: గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో, వెన్నునాళము మూసికొనక శిశువులు అవిటివారై పుట్టుట చాల తగ్గును. ఆ నాళము మూసికొను పని గర్భమేర్పడిన నాలుగు వారములలోనే ముగిసిపోవును. నెల తప్పినదని గ్రహించి, అత్తగారికి చెప్పి, మంచిదినము చూచి, కోడలిని ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవునాటికి ఆ నాలుగు వారములు గడచిపోయియుండును. అందుచేతనే గర్భము కోరు స్త్రీలు నెల తప్పుటకు పూర్వమే మాత్ర మొదలుపెట్టవలెనని వైద్యులు చెప్పుచున్నారు. పెండ్లిచూపులనాడు కట్నమును గూర్చి గంటలకొలది మాటలాడుకొను రెండు కుటుంబములలో, ఈ మాట యెత్తు పెద్దవారు ఎందఱున్నారు?